ఎండ్రకాయ పెట్టిన రెండు పేర్లు

మా మేనమామ భుజం మీద రూపాయి బిళ్లంత ఉబ్బు మచ్చ ఒకటుండేది. మామిడితోటలో కొమ్మ గీరుకున్న చోట లేచిందని ఆయన నమ్మకం. కావేరిపట్టణంలో మేమంతా దాన్ని కంతి అనేవాళ్లం. డాక్టరుగారు కెలాయిడ్ అని కోసి తీశారు. రెండేళ్లకు మళ్లీ లేచింది. మళ్లీ తీశారు. రెండుసార్లూ ముక్క చెత్తబుట్ట పాలయింది. మూడోసారి వేరే ఆసుపత్రివాళ్లు దాన్ని పరీక్షకు పంపితే గాని అసలు పేరు బయటపడలేదు: డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరన్స్. పలకడానికే నాకు వారం పట్టింది.

ఆ పేరు వెంటబడి చదివితే కథ పారిస్ చేరింది. అక్కడి సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు అలీబేర్ 1806లో ఈ ఉబ్బు మచ్చలను 'కాంక్రోయిడ్', అంటే కేన్సరును పోలినవి, అన్నాడు. కేన్సరని పొరబడతారని తర్వాత తానే 'కెలాయిడ్'గా మార్చాడు. గ్రీకులో ఎండ్రకాయ గోరని దాని మూలం. తమాషా ఏమంటే కేన్సరు అన్న మాటకు అర్థమూ ఎండ్రకాయే! పేరు మార్చినా ఎండ్రకాయ వదల్లేదు.

నూరేళ్లు దాటాక, 1924లో, డారియే, ఫెరాన్ అనే ఫ్రెంచి వైద్యులు తీసేకొద్దీ తిరిగివచ్చే చర్మపు కంతులను వర్ణించారు. మరుసటి ఏడు జర్మనీ వైద్యుడు హోఫ్‌మన్ ఈ పొడుగు పేరు పెట్టాడు. 1905లో షౌడిన్‌తో కలిసి సిఫిలిస్ క్రిమిని కనిపెట్టినవాడే ఆయన.

పైకి రెండూ ఒకేలా కనబడవచ్చు. కెలాయిడ్‌లో గాయాన్ని మాన్పే పీచు అతిగా పేరుకుంటుంది, అంతే. రెండోది నిజంగా కేన్సరు, అరుదైనది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ చర్మం కింద గరికవేళ్లలా పాకుతుంది. కనబడినంత మేర కోస్తే వేళ్లు మిగిలిపోతాయి. ఒంట్లో వేరేచోటికి పోవడం తక్కువే గాని పట్టిన చోటు విడవదు. సూక్ష్మదర్శిని కింద దాని కణాలు బండిచక్రపు ఆకుల్లా అమరి ఉంటాయి. సీడీ34 అనే పరీక్షలో రంగు పట్టడం మరో ఆనవాలు. 17, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడంతో పుట్టే జన్యువే దీనికి కారణమని 1997లో తేలింది. కోయడానికి వీలుకాని వాళ్లకు ఇమాటినిబ్ మాత్రను 2006లో అమెరికా అనుమతించింది.

ఇంతా తెలిసేది ఆ ముక్క పరీక్షకు పోతేనే. కోయించుకునే మనవాళ్లు ఆ మాట డాక్టరును అడగడానికి మొహమాటపడకూడదు. మేం పడ్డాం.

మామకు మూడోసారి చుట్టూ వెడల్పుగా కోసి తొడ చర్మం తెచ్చి అతికారు. భుజం మీద అరచేయంత పల్లం మిగిలింది. అదేమని అడిగినవాళ్లకు ఆయన ఇప్పటికీ మామిడికొమ్మ కథే చెబుతాడు.