పిరమైపోయిన ప్రియం

ఈ కథ చివర ప్రేమ ఉండదు, ధరే మిగులుతుంది. సిద్దిపేట కూరగాయల బజారులో నిలబడితే ఆ ముగింపు రోజూ వినిపిస్తుంది: "టమాటలు మస్తు పిరమున్నయి బిడ్డా." పిరం అంటే వెల ఎక్కువ. ఆ పిరం ఒకనాడు ప్రియం.

వేల ఏండ్ల కింద, మన సంస్కృతానికీ చాలా ఐరోపా భాషలకూ ఒకే మూలం ఉన్న రోజుల్లో, ఇష్టాన్ని చెప్పే ఒక ధాతువుండేది. దాని పాయ ఒకటి ఇటు వచ్చి ప్రియమైంది. మరొకటి అటు పోయి జర్మానిక్ జాతుల నోట 'ఫ్రియజ్' అయింది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి తెచ్చిన బైబిల్లో 'ప్రేమించడం' అంటే 'ఫ్రియోన్'. అప్పటికింకా ఆ మాటలో తడి ఉంది. కానీ పక్కనే 'ఫ్రీస్' కూడా ఉంది, స్వతంత్రుడని అర్థం. ఇంటి పెద్దకు ప్రియమైన అయినవాళ్లే స్వతంత్రులు, కానివాళ్లు బానిసలు. అందుకే అర్థం అటు మళ్లిందని భాషావేత్తలంటారు. ఆ 'ఫ్రియజ్' ఇప్పుడు ఇంగ్లీషులో 'ఫ్రీ'. పాత మమత ఆనవాలు 'ఫ్రెండ్'లో మిగిలింది. అక్కడ వెల లేనిదానికి పేరైన మాటే, ఇక్కడ వెల పెరిగినదానికి పేరైంది.

ఉత్తరాల్లో, సినిమా పాటల్లో మనకు ప్రియం బతికే ఉంది. పల్లె నోట మాత్రం అది బజారుకే పోయింది. ఇంట్లో మమతను మోసే పని 'పావురం' తలకెత్తుకుంది. "నా బిడ్డంటే నాకు పావురం" అన్న తల్లి గొంతు విన్నవాళ్లకు తెలుసు, ఆ మాట ఎంత మెత్తనో.

ఇప్పుడు పిరం, పావురం రెండూ పోతున్నాయి. 1956లో తెలంగాణ ఆంధ్రతో కలిశాక పాఠాల్లో వేరే తెలుగు వచ్చి కూర్చుంది. సినిమాల్లో మన యాస నవ్వులపాలైంది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 2017లో ఈ గడ్డ మీది బందారంలో పుట్టిన కవి నందిని సిధారెడ్డి తెలంగాణ సాహిత్య అకాడమీకి తొలి అధ్యక్షుడయ్యాడు. ఇక ఈ మాటలకు మంచిరోజులే అనుకున్నాం. సభల్లోకి వచ్చాయి, పుస్తకాల్లోకి వచ్చాయి. పిల్లల నాలుక మీదికి రాలేదు. వాళ్లకు పిరం 'కాస్ట్లీ', పావురం 'లవ్'.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లతో ఈ రెండు మాటలూ అనండి. అవ్వలు పోయినంక నేర్పేవాళ్లుండరు.