పాత వ్యాను మొరాయిస్తే.. దారిలో ఏం చేయాలి? ఏం చేయకూడదు?

నిజాంసాగర్: రైలు కూత వినిపించని ప్రాంతమిది. బాన్సువాడ, ఎల్లారెడ్డి, పిట్లం.. ఎటు వెళ్లాలన్నా రోడ్డే దిక్కు. ఆర్టీసీ బస్సు వేళలకు కుదరని ప్రయాణాలను ఏళ్ల తరబడి మోస్తున్నవి పాత ఓమ్ని వ్యాన్లు, సుమోలు, కమాండర్ జీపులు, మారుతి 800 కార్లే. పెళ్లి బృందమైనా, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాల్సిన బాలింతైనా వీటినే నమ్ముకోవాల్సి వస్తోంది. అయితే వీటిలో చాలావాటి తయారీ ఎప్పుడో నిలిచిపోయింది. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో, అంబాసిడర్ ఉత్పత్తి అదే ఏడాది మే నెలలో ఆగిపోయాయి. ఓమ్ని, సుమోల తయారీకి 2019లో తెరపడింది. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నా నకిలీల బెడద తక్కువేమీ కాదు.

ఊరికి దూరంగా, చీకటి పడే వేళ బండి ఆగిపోతే చోదకుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఇది ఇంటిదాకా నడిపించుకోదగ్గ లోపమా, అక్కడే వదిలేయాల్సిన లోపమా? వేడి, బ్యాటరీ, ఇంధనం గొట్టాల్లో గాలి వంటి సమస్యలను ఓపిక ఉంటే దారిలోనే చాలావరకు సరిచేసుకోవచ్చు. బ్రేకు, స్టీరింగు, పెట్రోలు కారడం.. ఈ మూడింటిలో మాత్రం 'సర్దుబాటు' అన్న మాటకే తావివ్వకూడదు.

వేడెక్కితే మూత జోలికి వెళ్లొద్దు

ఎండాకాలంలో పాత బండ్లు ఆగడానికి మొదటి కారణం ఇంజను వేడెక్కడమే. ముల్లు ఎర్ర గీతను సమీపించగానే బండిని నీడకు చేర్చి నిలపాలి. ఆవిరి చిమ్ముతుంటే ఇంజను వెంటనే ఆపేయాలి. ఆ తర్వాత చాలామంది చేసే పని రేడియేటరు మూత తిప్పడం. ఇది ప్రమాదకరం. మూత బిగించి ఉన్నంతవరకు లోపలి నీరు ఒత్తిడిలో ఉండి వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై ముఖానికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, మందపాటి గుడ్డ కప్పి, మూతను కొద్దికొద్దిగా తిప్పి ఒత్తిడి పోయాకే తీయాలి.

నీరు పోసేటప్పుడూ తొందర కూడదు. కాలిపోతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డుకు పగుళ్లు వచ్చే ఆస్కారం ఉంది. చల్లారిన తర్వాత ఇంజను నడిపిస్తూ కొంచెం కొంచెంగా పోయాలి. ఓమ్నిలో రేడియేటరు ముందు భాగంలో, ఇంజను సీట్ల కింద ఉండటంతో మధ్యలోని గొట్టాలు పొడవుగా ఉంటాయి. వాటిలో గాలి చిక్కుకుంటే నిండుగా కనిపించిన నీరు నాలుగు కిలోమీటర్లు తిరగ్గానే తగ్గిపోతుంది. అందుకే కాసేపు నడిపి, చల్లార్చి, మళ్లీ చూసుకోవాలి. దగ్గర్లోని కాలువ నీటినో బోరు నీటినో అవసరానికి పోయవచ్చు గానీ అదే అలవాటు కాకూడదు. బోరు నీటిలోని లవణాలు సన్నని గొట్టాల లోపల సున్నపు పెచ్చులా పేరుకుంటాయి. ఇంటికి చేరాక ఆ నీటిని వదిలేసి, శుద్ధమైన నీటిలో కూలెంటు కలిపి నింపించాలి.

నీరు ఎందుకు తగ్గిందో వెతకడానికి ఒక వరుస ఉంది. ముందు గొట్టాలు, వాటి క్లిప్పులు. తర్వాత బెల్టు. బెల్టు తెగినా, జారుతున్నా వాటర్ పంపు తిరగదు. మారుతి వాహనాల్లో కరెంటు ఫ్యాను ఉంటుంది కనుక ముల్లు పైకెక్కినా అది తిరగకపోతే ఫ్యూజు చూడాలి. ఫ్యూజు మాడితే అంతే సామర్థ్యం గలది వేయాలి తప్ప రాగి తీగ చుట్టడం తగదు. వరి కోతల కాలంలో మరో చిక్కు ఉంది. కల్లాల మీదుగా తిరిగే బండ్ల రేడియేటరు రెక్కల మధ్య పొట్టు, దుమ్ము దట్టంగా పట్టి గాలి ఆడదు. లోపలంతా బాగానే ఉన్నా బండి వేడెక్కుతూనే ఉంటుంది. వెనుక వైపు నుంచి ముందుకు నీటిని తక్కువ ఒత్తిడితో కొడితే ఆ పొట్టు రాలిపోతుంది. దీనికి మెకానిక్కుతో పనిలేదు.

వేడి సమస్యకు విరుగుడుగా థర్మోస్టాటును పీకి పారేయడం మన వైపు పరిపాటిగా మారింది. బండి అప్పటికి చల్లబడినట్టే ఉంటుంది. కానీ ఇంజను సరైన వేడికి చేరక ఇంధనం ఎక్కువగా తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. దాన్ని బయటకు తీసి వేడి నీటిలో వేస్తే చాలు, బాగున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. సుమారు 80 డిగ్రీలు దాటాక నోరు తెరవకపోతే మార్చాలి. చౌకైన భాగాన్ని మార్చకుండా తీసేయడం పొదుపు అనిపించుకోదు.

ఆయిలు గజం పుల్ల తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా కనిపించినా, రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తున్నా, పొగ గొట్టం నుంచి తెల్లని ఆవిరి వదలకపోయినా హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు ఊరు దగ్గరపడిందని లాక్కెళితే గ్యాస్కెట్‌తో పోయే ఖర్చు హెడ్డు, బోరింగు పనుల దాకా వెళుతుంది.

సెల్ఫ్ శబ్దమే సగం జవాబు

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దాన్ని శ్రద్ధగా వింటే లోపం ఎటున్నదో తెలుస్తుంది. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ బలహీనపడింది, లేదా టెర్మినళ్లు వదులయ్యాయి. ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే సెల్ఫ్ మోటారులో లోపం ఉండొచ్చు. చురుగ్గా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే కరెంటో పెట్రోలో చేరడం లేదన్నమాట. ఎప్పటికన్నా మరీ తేలిగ్గా, పట్టు లేనట్టు తిరిగితే టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. అలాంటప్పుడు మళ్లీమళ్లీ సెల్ఫ్ కొట్టరాదు.

బ్యాటరీ టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని, పచ్చని పొడిని వంట సోడా కలిపిన వేడి నీటితో కడిగితే పోతుంది. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్ అన్న వరుస తప్పకూడదు. పరీక్షించే మీటరు ఉంటే, ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీది కాదు, డైనమోదో దాని బెల్టుదో. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొని, వారంలో అదీ దిగిపోయిందని దుకాణదారుతో తగువుపడేవారు కద్దు.

మరో బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు పాజిటివ్‌కు పాజిటివ్ కలిపి, రెండో తీగను ఆగిన బండి బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా రంగు లేని ఇనుప భాగానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వకు పేలుతుంది. తోసి స్టార్టు చేయాల్సి వస్తే రెండో గేరులో వేయడం మేలు. రాత్రివేళ రోడ్డు మీద వెనుక నుంచి తోసేవారు వచ్చే వాహనాలకు కనిపించరన్నది మరవరాదు.

పాత పెట్రోలు బండ్లలో డెల్కో పాయింట్లు మరో మూలం. వానాకాలంలో డెల్కో మూత లోపల తేమ చేరితే ఉదయం పూట స్టార్టు కాదు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పాయింట్లు మాడితే సన్నని పాలిష్ కాగితంతో రుద్ది, సందును చాలా బండ్లకు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెడతారు. ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా నల్లబడితే రింగులు అరిగాయి. సున్నంలా తెల్లబడితే పెట్రోలు తక్కువై వేడి పెరుగుతోంది.

పెట్రోలు వాసనను తేలిగ్గా తీసుకోవద్దు

ఎండలో ఆపిన బండి పావుగంటకు స్టార్టు కాక, చల్లబడ్డాక తనంతట తానే అందుకుంటే అది ఎక్కువగా వేపర్ లాక్. పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరైపోయి కార్బొరేటరుకు చేరదు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడం పాతకాలపు ఉపాయమే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

కొత్త చిక్కు ఇంధనంతోనే వచ్చింది. 2025 నాటికి దేశవ్యాప్తంగా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, కార్బొరేటరు వాషర్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ వాటిని ఉబ్బించి, కొన్నాళ్లకు పగుళ్లు తెస్తుంది. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మురికిని కదిలించి ఫిల్టరును మూసేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక బండిని నెలల తరబడి కదలకుండా ఉంచితే నీరు అడుగుకు చేరి సెల్ఫ్‌కు అందదు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించడం, ఫిల్టరును తరచూ మార్చడం ఇప్పుడు అనివార్యం.

ఓమ్ని విషయంలో ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. ఇంజను మీదే ముందు సీట్లున్నాయి. లోపల పెట్రోలు వాసన వస్తే కిటికీ తెరుచుకుని వెళ్లిపోవడం కాదు, ఇంజను ఆపి, అందరినీ దించి, దూరంగా నిలబెట్టి, కారుతున్న చోటు కనిపెట్టే వరకు తాళం తిప్పరాదు. బీడీ, సిగరెట్ సంగతి చెప్పనక్కరలేదు. వంట గ్యాసు సిలిండరును వెనుక పెట్టి బండి నడపడం చట్టరీత్యా నేరం, ప్రాణాలతో చెలగాటం. ఆమోదం పొందిన ట్యాంకు, కిట్టు బిగించి, ఆర్సీలో నమోదు చేయించుకున్నదే సక్రమం.

డీజిలు బండిలో గాలి పడితే..

సుమో, కమాండర్ వంటి పాత డీజిలు బండ్లలో ట్యాంకు ఖాళీ అయ్యాక డీజిలు పోసినా స్టార్టు కాకపోవడం తెలిసిందే. గొట్టాల్లో గాలి చేరితే పంపుకు డీజిలు అందదు. ఫిల్టరు మీది గాలి మర వదులుచేసి, చేతి పంపును నొక్కుతూ పోతే మొదట నురగ, బుడగలు, తర్వాత చిక్కటి ధార వస్తాయి. ధార వస్తుండగానే మర బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టరు గొట్టాల నట్లు ఒకటి రెండు వదులుచేసి సెల్ఫ్ కొడితే మిగిలిన గాలి పోతుంది. కామన్‌రైల్ ఇంజన్లకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటి గొట్టాల్లో ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరేంత తీవ్రంగా ఉంటుంది. గాలి మళ్లీమళ్లీ పడుతుంటే ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో చిన్న చీలికో, వదులు క్లిప్పో ఉంటుంది. డబ్బాల్లో నిల్వ ఉంచిన డీజిలు పోసేవారు ఫిల్టరు అడుగున చేరే నీటిని తరచూ వదిలేయాలి.

పొగ రంగు సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. నల్లగా వస్తే గాలి చాలక ఇంధనం సరిగా మండడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది.

బ్రేకు, స్టీరింగు దగ్గర రాజీ లేదు

బ్రేకు పెడలు స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి పట్టింది. కాలు పెట్టి ఉంచగా మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండరులో వాషర్లు పోయాయి. బండి ఒక పక్కకు లాగితే ఏదో ఒక చక్రం దగ్గర ఆయిలు కారుతోంది, లేదా పట్టేసింది. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే ఆ బండిని అక్కడి నుంచి లాక్కెళ్లే ఏర్పాటు చేయాలే తప్ప నడపరాదు. బ్రేకు ఆయిలు తగ్గిందని ఇంజను ఆయిలో డీజిలో పోస్తే రబ్బరు వాషర్లన్నీ ఉబ్బిపోతాయి. మొదట బాగానే పట్టి, తర్వాత మొత్తం విఫలమవుతుంది. బ్రేకు ఆయిలు కూడా తేమను పీల్చుకునేదే కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

స్టీరింగు ఇటూ అటూ తిప్పినా చక్రం వెంటనే కదలకపోతే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు అరిగినట్టే. గుంతల్లో 'టక టక' శబ్దం వస్తుంటే వాయిదా వేయకూడదు. అవి ఊడితే చక్రం ఒక్కసారిగా పక్కకు వాలుతుంది. ఏడెనిమిది మంది పట్టే బండిలో పన్నెండు మందిని కుక్కితే వీటి అరుగుదల ఇంకా పెరుగుతుంది. పిల్లలను బడికి చేర్చే బండ్ల యజమానులు ఈ రెండింటినీ నెలకోసారైనా జాకీ మీద లేపి చూపించాలి.

వానాకాలంలో లోలెవల్ వంతెనల మీద నీరు పారుతుంటే దాటే ప్రయత్నం వద్దు. అడుగు లోతు ప్రవాహం చాలు చిన్న కారును కదిలించడానికి. నీటిలో ఆగిపోయిన బండిని సెల్ఫ్ కొడితే సిలిండరులోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తోసి బయటకు తెచ్చి, ప్లగ్గులు విప్పి నీరు వెళ్లగొట్టాకే స్టార్టు చేయాలి.

బండిలో ఉండాల్సినవి, కాగితాలు

గాలి నిండిన స్టెప్నీ, జాకీ, పానాలు, ఫ్యాను బెల్టు, ఫ్యూజులు, రెండు క్లిప్పులు, ఐదు లీటర్ల మంచినీరు, టార్చిలైటు, ఎర్ర రంగు హెచ్చరిక త్రికోణం ఉంటే రాత్రివేళ చాలా గండాలు గట్టెక్కుతాయి. స్టెప్నీలో గాలి ఉందో లేదో అవసరం పడ్డాకే తెలుసుకునేవారే ఎక్కువ.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కార్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల స్థానంలో 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో మరింత పెంచారు. కిరాయికి తిరిగే వాహనాలకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. సొంత బండి పేరుతో నమోదైన దానిలో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కిస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలో చిక్కులు తప్పవు. పాత బండి కొనేవారు ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకుని, బండిని చల్లగా ఉన్నప్పుడు తామే స్టార్టు చేసి చూడాలి. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచిన ఇంజను పొగనూ దాస్తుంది, సెల్ఫ్ బలహీనతనూ దాస్తుంది.