సైన్యాన్ని పడగొట్టిన తేనె

మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవం. తేనె గొప్పతనం ఆ రోజు అందరూ చెబుతారు. నాకు మాత్రం నల్లసముద్రపు కొండల్లో కుప్పకూలిన గ్రీకు సైనికులే గుర్తొస్తారు.

క్రీ.పూ. 401లో పారశీక సింహాసనం కోసం అన్నమీదికే దండెత్తిన చిన్న సైరస్ కునాక్సా యుద్ధంలో చనిపోయాడు. అతను జీతానికి తెచ్చుకున్న పదివేలమంది గ్రీకులు పరాయిగడ్డ మీద దిక్కులేనివాళ్లయ్యారు. పారశీకులు చర్చలకని పిలిచి వాళ్ల సేనానులను పట్టి చంపారు. మిగిలినవాళ్లు క్సెనఫన్ వంటి కొత్త నాయకులను ఎన్నుకుని, ఆర్మీనియా మంచులో తోటివాళ్లను పోగొట్టుకుంటూ ఉత్తరానికి నడిచారు. ఓ కొండమీది నుంచి సముద్రం కనిపించగానే ఒకరినొకరు కావలించుకుని ఏడ్చేశారు. ఆ తర్వాత అక్కడివాళ్లయిన కోల్చియన్లను ఓడించి, నేటి టర్కీలోని ట్రాబ్జోన్‌కు రెండు రోజుల నడక దూరంలో, తిండికి లోటులేని పల్లెల్లో విడిది చేశారు.

అక్కడ తేనెపట్లు విస్తారం. ఆకలిమీదున్న మనుషులు ఆబగా తిన్నారు. కాసేపటికే వాంతులు, విరేచనాలు. కొద్దిగా తిన్నవాళ్లు తాగినట్టు తూలారు, ఎక్కువ తిన్నవాళ్లకు మతి చలించింది, కొందరైతే పోయేలా కనిపించారు. ఓడిన యుద్ధభూమిలా మనుషులు నేలంతా పడి ఉన్నారని క్సెనఫన్ రాశాడు. అయితే ఒక్కరూ చావలేదు. మర్నాడు తెలివొచ్చింది, మూడోనాటికో నాలుగోనాటికో లేచి నిలబడ్డారు. అంత నడిచొచ్చినవాళ్లను చివరికి కూలదోసింది ఓ పువ్వు! అక్కడి రోడోడెండ్రాన్ల మకరందంలో గ్రయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది నరాల్లో, గుండెలో సోడియం దారులను మూసుకోనివ్వదు. నాడి మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది.

క్రీ.పూ. మొదటి శతాబ్దంలో అదే ప్రాంతపు కొండజాతివాళ్లు ఈ తేనెను గిన్నెల్లో దారిపక్కన పెట్టి, తిని మత్తెక్కిన రోమన్ సేనాని పాంపే సైనికులను నరికేశారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఈనాటికీ టర్కీలో ఆ పిచ్చితేనెను మందనుకుని తిని ఆసుపత్రి పాలయ్యేవాళ్లున్నారు. గుండె వేగం పెంచడానికి డాక్టర్లు అట్రోపిన్ ఇస్తారు.

మన ఇళ్లలో భయపడాల్సింది వేరే సంగతికి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మనకు అలవాటు. మంచి తేనెలోనూ క్లోస్ట్రిడియం బొట్యులినం బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తలేవు. ఏడాది నిండని పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి. ఇంట్లో మరగబెట్టినా అవి చావవు. అమ్మమ్మలూ నానమ్మలూ, మొదటి పుట్టినరోజు దాటేదాకా తేనె వద్దు. తేనె నాకిన పసిబిడ్డకు విరేచనం కాకపోయినా, ఏడుపు నీరసించినా, పాలు చప్పరించలేకపోయినా, మెడ వాల్చేసినా ఆసుపత్రికి పరుగెత్తండి. తేనె పెట్టిన మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.