చేసిండు, చేశాడు, షిమత్త

మా అన్న కూతురు నిజామాబాదులో ఇంట్లో కూర్చుని ఫోనులో జపనీసు నేర్చుకుంటోంది. మొన్న నన్ను పిలిచి, "కాకా, ఇది మన తెలుగు లెక్కనే ఉన్నది సూడు" అంది. 'తబెతె' అంటే తిని, 'నెతె' అంటే పడుకుని. తిని, లేచి, పోయి, వచ్చి అంటూ మనం క్రియల్ని గొలుసుగా అల్లినట్టే వాళ్లూ అల్లుతారు. తినేశాడు అనాలంటే 'తబెతె షిమత్త'. నోటి మాటలో అది నలిగి 'తబెచత్త' అవుతుంది. మనకు 'తినివేసి' నలిగి 'తినేసి' అయినట్టే. వాక్యం చివర 'కెదొ' అని తగిలించి ఊరుకుంటే, "వస్త గని..." అని మనం నసిగినట్టు. 'నె' అంటే దాదాపు మన 'గదా'.

సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమ భాషకు తమిళంతో చుట్టరికం ఉందని వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. ఆ తగువు జోలికి నేను పోను. నాకు ఆసక్తి ఒక తేడా మీద. జపనీసు క్రియ, ఎవరు చేశారో చెప్పదు. మన క్రియ చెబుతుంది. మధ్యలోని 'తిని, పోయి, వచ్చి'లు చాలావరకు ఊరి గుట్టు బయటపెట్టవు. చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి 'చేసిండు' అన్నాడో 'చేశాడు' అన్నాడో, మనిషి ఎక్కడివాడో తెలిసిపోతుంది.

బోధన్ ప్రాంతంలో ఈ రెండూ ఒకే కాంటా దగ్గర కలిశాయి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి బాన్సువాడ, వర్ని, బోధన్ చుట్టూ భూములు కొన్నారు. పేరు చివర 'క్యాంపు' అని ఉండే ఊళ్లు అలా పుట్టినవే. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. అదే ఏడాది నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ కూడా జరిగింది. కచేరీలో ఉర్దూ, సరిహద్దు అవతలి నాందేడు వైపు నుంచి మరాఠీ, చెరకు బండ్ల మీద రెండు రకాల తెలుగు. "బండ్లు దించిండ్రా అన్నా?" అని ఒకరడిగితే, "దించారండీ" అని ఇంకొకరు.

ఇక్కడి ఉర్దూ సంగతీ చెప్పుకోవాలి. ఉత్తరాది ఉర్దూలో 'కహా కి ఆతా హూఁ' అని, 'కి' ముందు పెట్టి చెబుతారు. దక్కనీలో 'ఆతూఁ బోల్కే బోలా'. ఇది అచ్చంగా మన "వస్తనని చెప్పిండు". 'అని' అనే చిన్నమాటను దక్కనీ వాళ్లు 'బోల్కే' చేసుకున్నారు. రాజభాష కూడా ఇక్కడి నోళ్లలో పడి మన అతుకు వేసుకుంది. నిజాం కొలువులో తెలుగుకు చోటు లేదని ఎంతగా చెప్పుకున్నా, ఈ ఒక్క మాట మాత్రం దర్జాగా లోపలికి పోయి కూర్చుంది.

ఆ తరువాత బడి వచ్చింది. నేను చదివిన బడిలో 'పోయినం' అంటే పిల్లలు కిసుక్కుమనేవారు, సారు 'వెళ్లాం' అని దిద్దేవారు. 'తోని', 'కెల్లి', 'సంది', 'దాంక' అన్నీ తప్పులే. 'నడుసుకుంట వచ్చిన' అని రాస్తే 'నడుచుకుంటూ వచ్చాను' అని ఎర్రసిరా. సారు చెడ్డవాడు కాదు, ఆయనకూ అలాగే నేర్పారు. నేను మాత్రం ఆ ఏడంతా తరగతిలో నోరు విప్పలేదు.

ఆ ఎర్రసిరాకు చరిత్రలో ఆధారం ఏమీ లేదు. పాతరూపం 'చేసినాడు'. రాయలసీమలో ఇప్పటికీ అలాగే అంటారు. కోస్తాలో మధ్యలోని 'న' జారిపోయి 'చేశాడు' అయింది. మా దగ్గర 'న' నిలిచి, దాని పక్క అచ్చు జారిపోయి 'చేసిండు' అయింది. ఆ సున్నాయే పాత 'న'. ఇప్పుడు 'చేసినది' ఏమైందో చూడండి. 'చేసింది'! కోస్తాలో, సీమలో, తెలంగాణలో అందరూ అనేది అదే. అంటే 'చేసిండు'ని దిద్దిన సారే, అదే సూత్రంతో పుట్టిన 'చేసింది'ని రోజంతా వాడుకునేవారు. అమ్మాయి చేస్తే ఒప్పు, అబ్బాయి చేస్తే తప్పు!

జపాన్ వాళ్లూ ఈ దారినే పోయారు. ఫుతబతెయ్ షిమెయ్ 1887లో 'ఉకిగుమొ' నవల మొదలుపెట్టేనాటికి అక్కడా గ్రంథభాషా వాడుకభాషా అన్న గొడవే, అదీ ప్రధానంగా క్రియల చివర్ల మీదే. మన గిడుగువారి పోరాటం తరవాతి తరానిది. రెండు చోట్లా వాడుకే గెలిచింది, కానీ అందరి వాడుకా కాదు. అక్కడ టోక్యో మాట ప్రమాణమైంది, ఇక్కడ కోస్తా చదువరుల మాట శిష్టవ్యావహారికమైంది. ఒకినావా బళ్లలో సొంత యాసలో మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వేలాడదీసేవారు. మాకు పలక వేయలేదు, నవ్వారు. ఇంత చెప్పి ఈ వ్యాసాన్ని నేను 'చేశాడు' తెలుగులోనే రాస్తున్నాను, చూశారుగా. చెయ్యి అలా అలవాటు పడింది.

ఇప్పుడు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినంగా జరుపుతున్నారు. ఆ ఒక్కరోజు బడి మైకులో 'చేసిండు' వినిపిస్తుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, కాంటా దగ్గర బండ్లు లేవు. క్యాంపు ఊళ్లలో మూడోతరం పిల్లలు ఇంట్లో 'వచ్చాడు' అని, బయట దోస్తులతోని 'వచ్చిండు' అని ఇబ్బంది లేకుండా మార్చి మార్చి మాట్లాడుతున్నారు. మా పిల్ల మాత్రం 'తబెచత్త'ని పదిసార్లు పలికి రికార్డు చేసుకుంటోంది. "తిన్నవా బిడ్డా?" అని అడిగితే, ఫోను మీంచి తల ఎత్తకుండా, "తినేసిన కాకా, ఎప్పుడో" అంది.