బాలచందర్‌కు విశాఖ ఇచ్చినవి

ప్రేమించినవాడి ఫొటోను తల్లి తగలబెట్టేస్తుంది. కూతురు ఏడవదు, అరవదు. ఆ మసిని కప్పులో కలుపుకుని తల్లి చూస్తుండగానే తాగేస్తుంది. 'మరోచరిత్ర' చూసినవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి, కథకన్నా ముందు ఆ కప్పు సంగతే చెబుతారు. 1978లో, రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో, కె. బాలచందర్ ఆ కథను బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. స్వప్నగా నటించిన సరితకు అదే తొలి సినిమా.

స్వప్న వాళ్ల ఇల్లు విశాఖపట్నంలోది. పక్కింట్లో తమిళ కుటుంబం, ఆ ఇంటి కుర్రాడు కమల్‌హాసన్. ఈ ఇరుగుపొరుగు కథ కోసం కల్పించింది కాదు. 1933లో రేవు తెరుచుకుంది. తరవాత షిప్‌యార్డు, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, నేవీ, రైల్వే... ఉద్యోగం ఎక్కడుంటే జనం అక్కడికి చేరతారు. తమిళులు, ఒడియాలు, బెంగాలీలు, మలయాళీలు క్వార్టర్లలో, అద్దె వాటాల్లో గోడకు గోడ ఆనుకుని బతికిన ఊరది. ఒకరి పోపు వాసన ఇంకొకరి నట్టింట్లోకి వచ్చేది. పెళ్లి మాట వస్తే మాత్రం గోడ గోడే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినా, సినిమా వచ్చేనాటికి కొలిమి ఇంకా రాజుకోలేదు. తెర మీద కనిపించేది ఉక్కునగరం కాకముందటి విశాఖ, భీమిలి తీరం.

బాలచందర్ 1930లో తంజావూరు జిల్లా నన్నిలంలో పుట్టారు. కొన్నాళ్లు బడిపంతులు. ఆ తరవాత మద్రాసులో అకౌంటెంట్ జనరల్ ఆఫీసు ఉద్యోగం. పగలు లెక్కలు, సాయంత్రం నాటకాలు. 1965లో 'నీర్‌కుమిళి'తో దర్శకుడయ్యారు. ఫస్టు తారీఖు జీతం పదో తారీఖుకు ఎలా ఆవిరవుతుందో తెలిసిన మనిషి కాబట్టే 'అంతులేని కథ' (1976) తీయగలిగారనిపిస్తుంది. ఇంటిల్లిపాదినీ ఒంటిచేత్తో మోసే ఉద్యోగిని జయప్రద, తాగి తిరిగే అన్న రజనీకాంత్. ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటి ఉండేది. తెర మీద మాత్రం అరుదు.

మాతృభాష తమిళమైన దర్శకుడి పాత్రలు తెలుగులో అంత పదునుగా ఎలా మాట్లాడాయి? ఆ పుణ్యం చాలావరకు గణేశ్ పాత్రోది. ఆయనదీ ఉత్తరాంధ్రే, పార్వతీపురం ప్రాంతం. నాటకాల నుంచి వచ్చినవాడు. 'మరోచరిత్ర', 'ఇది కథ కాదు', 'గుప్పెడు మనసు', 'ఆకలి రాజ్యం', 'రుద్రవీణ' - అన్నిటికీ మాటలు ఆయనవే. ఇద్దరూ నాటకం వాళ్లే కావడంతో మాట ఎక్కడ విరవాలో, ఎక్కడ మౌనంగా వదిలేయాలో ఒకరికొకరు చెప్పుకోవలసిన పని ఉండి ఉండదు.

ఇరుగుపొరుగు కథ, మాటల తరవాత విశాఖ వైపు నుంచి అందిన మూడోది కోపం. 'ఆకలి రాజ్యం' (1981) ఢిల్లీలో ఉద్యోగం దొరక్క, పస్తులుంటూ తిరిగే కుర్రాళ్ల కథ. ఈ సినిమా తమిళ రూపంలో కథానాయకుడి నోట పలికింది తమిళ కవి భారతి కవిత్వం. తెలుగుకు వచ్చేసరికి శ్రీశ్రీ. 1910లో విశాఖలో పుట్టిన కవి రాసిన పంక్తులు ఢిల్లీ వీధుల్లో కాలే కడుపుతో తిరిగాయి. భారతి స్థానంలో శ్రీశ్రీ రావడంతో ఆ సినిమా రుచే మారిపోయింది. అనువాదమనే అనుమానం ఎవరికీ రాలేదు.

లోపాలు లేవని కాదు. బాలచందర్ ఆడపాత్రలు ఎదురు తిరుగుతాయి, నిలదీస్తాయి, చివరికి మాత్రం తరచుగా త్యాగానికో చావుకో తలొంచుతాయి. 'మరోచరిత్ర' ముగింపులో స్వప్నపై జరిగే అత్యాచారం ప్రేక్షకుణ్ని ఏడిపించడానికి తెచ్చిపెట్టిందే తప్ప కథ అడిగింది కాదు. అయినా జనం ఎగబడి చూశారు. మద్రాసు సఫైర్ థియేటర్లో ఆ తెలుగు సినిమా 596 రోజులు ఆడింది. 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే' అయి అక్కడా హోరెత్తించింది. మద్యం మీద పోరాటం చెప్పిన 'రుద్రవీణ' (1988) జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు తెచ్చుకుంది, డబ్బులు మాత్రం తేలేదు.

2010 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం అందుకున్న బాలచందర్ 2014 డిసెంబర్ 23న కన్నుమూశారు. రెండు వారాలు తిరక్కుండానే, 2015 జనవరి 5న, గణేశ్ పాత్రో కూడా వెళ్లిపోయారు.

2018లో వెంకటేశ్ మహా విశాఖలోని ఓ పేట జనాన్నే నటులుగా పెట్టి 'కేరాఫ్ కంచరపాలెం' తీశాడు. అందులో స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఓ బడిపిల్ల వేదికెక్కి సినిమా పాట పాడుతుంది. తండ్రి మండిపడతాడు. ఆ పాట 'మరోచరిత్ర'లోది.