డీజిలు ఇంజనుకు వడపోత: ఒక చిన్న చరిత్ర

కృష్ణా గోదావరి డెల్టాల నడిమి పల్లమున కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు దీనిలో కలియును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతమున చేలకు నీరెత్తుటయు, మునిగిన చేలనుండి నీరు తోడివేయుటయు రైతునకు తప్పని పనులు. విద్యుత్తు అందని గట్టున దీనికి డీజిలు ఇంజనే ఆధారము. చేపల, రొయ్యల చెరువులు పెరిగిన పిమ్మట దాని బాధ్యత మరింత హెచ్చినది. విద్యుత్తు ఆగిన రాత్రి జనరేటరు కూడ మొరాయించి ఏరేటర్లు తిరుగనిచో, నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లవారులోగా పంటంతయు పోవచ్చును. ఇంతటి యంత్రమును చిటికెడు మురికి ఆపివేయగలదు. కారణమేమి?

రుడాల్ఫ్ డీజిలు 1892లో తన ఇంజనుకు పేటెంటు కోరెను. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గున అది జయప్రదముగా నడిచెను. అందు ఇంధనమును అధిక పీడనముగల గాలితో సిలిండరులోనికి చిమ్మెడివారు. ఆ గాలిని అందించు కంప్రెసరు మిక్కిలి బరువైనది. కావున ఇంజను చిరకాలము కర్మాగారములకు, ఓడలకు పరిమితమయ్యెను. రాబర్టు బాష్ సంస్థ 1922లో ఇంధనమును గాలి సాయము లేకయే చిమ్ము పంపును రూపొందింప పూనుకొని, 1927లో పెద్దయెత్తున తయారుచేయ మొదలిడెను. చిన్న డీజిలు ఇంజను లారీలలోనికి వచ్చుటకు ఇది ముఖ్య కారణము. మన దేశమున 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్సు, 1951లో ఇట్టి పంపులను తయారుచేసిన మైకో సంస్థ వెలసినవి.

చిక్కు ఈ పంపులోనే ఉన్నది. దాని ప్లంజరునకును బారెలునకును నడుమ సందు రెండు మూడు మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఆ సందున రేణువులు దూరి గీతలు పెట్టినచో ఇంధనము వెనుకకు జారి ఇంజను బలము తగ్గును. నాజిలు రంధ్రములు అరిగినచో ఇంధనము సన్నని తుంపరగా విడివడక నల్లని పొగ వెలువడును.

పీపాలో తేరనిచ్చిన చాలదా? ద్రవములో రేణువు దిగు వేగము దాని వ్యాసము యొక్క వర్గమునకు అనుపాతములో నుండునని 1851లో స్టోక్సు నిరూపించెను. లెక్కవేసినచో, డీజిలులో 10 మైక్రానుల మట్టిరేణువు గంటకు సుమారు 12 సెంటీమీటర్లు దిగును. 2 మైక్రానులది అందులో 25వ వంతు, అనగా అర సెంటీమీటరు మాత్రమే. 80 సెంటీమీటర్ల లోతుగల పీపాలో మొదటిది ఒక్క రాత్రిలో అడుగు చేరును. రెండవదానికి దాదాపు వారము పట్టును. కావున తేర్చుట వడపోతకు తోడే గాని బదులు కాదు.

మొదట గుడ్డ, ఫెల్టు, తీగజల్లెడ వడపోతలుగా వాడబడెను. వీనిని కడిగి మరల వాడవచ్చును గనుక మన్నికైనవని తోచును. కాని మిక్కిలి సన్నని రేణువులు వీనిని దాటిపోవును. పిమ్మట రెసిను పట్టించిన మడతల కాగితము వచ్చెను. మడతల వలన చిన్న డబ్బాలో హెచ్చు వైశాల్యము ఇమిడెను. ఇట్టి కాగితమును కడిగినచో చిరుగవచ్చును. నిండిన పిదప మార్చవలసినదే. పెక్కు ట్రాక్టరులలో ముందు గుడ్డ, వెనుక కాగితము అమర్చి, ముతక మురికిని మొదటిదానికి, సన్నని మురికిని రెండవదానికి అప్పగించిరి.

కొల్లేటి సీమలో నీరు మరియొక శత్రువు. సగము ఖాళీ పీపాలో చేరిన తేమగాలి రాత్రి చల్లబడి నీటిబొట్లుగా మారును. డీజిలుకంటె బరువైన ఆ నీరు అడుగున నిలిచి తుప్పునకు, సూక్ష్మజీవుల పెంపునకు తావిచ్చును. అందుచే నీటిని వేరుపరచు గిన్నె, దానిని వదలు మర గల వడపోత ఇచట మేలు.

అట్లైన మన్నిక అనగా నేమి? ఎన్నడును మూసుకొనని వడపోత మన్నికైనదని భ్రమపడరాదు. అది మురికిని లోనికి పంపుచుండవచ్చును. ఎంత సన్నని రేణువును ఆపును, నూటికెన్నింటిని ఆపును, మూసుకొనులోగా ఎంత మురికిని ఇముడ్చుకొనును అను మూడు ప్రశ్నలకు సమాధానమే సరియైన కొలత. ఇంజను తయారీదారు సూచించిన రకమును ఎన్నుకొనుట ఇందుకే. 1997 నుండి కార్లలో ప్రవేశించిన కామన్ రెయిలు విధానమున పీడనము నేడు రెండువేల బారులను చేరినది. పాత పంపు ఓర్చిన మురికిని అది ఓర్వదు.

పాఠశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. కాలువలోని బురదనీటిని రెండు సీసాలలో పట్టి, ఒకదానిని కదల్పక ఉంచుడు. రెండవదానిని గుడ్డతోను, పిదప వడపోత కాగితముతోను వడియగట్టుడు. మరునాడు రెండింటిని వెలుతురునకు ఎదురుగా పట్టి పోల్చినచో, తేర్చిన నీటికిని వడియగట్టిన నీటికిని గల భేదము కంటికి కనబడును.