నాన్న ఫోన్‌లో పిల్లల ఆట

పసిపిల్లలు ఆడే మొబైల్ గేముల్లో పెద్దల యాడ్లు రావడానికి కారణం ఆట ఒక్కటే కాదు, ఫోన్ కూడా. యాడ్ పంపే యంత్రాంగానికి తెర ముందున్న పిల్లవాడు కనబడడు. ఆ ఫోన్ ఎవరి ఖాతాతో నడుస్తోందో, అంతకుముందు అందులో ఏం చూశారో అదే కనబడుతుంది. సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్ వంటి కార్మిక ప్రాంతం నుంచి చూస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. ఇది గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ (జీఐడీసీ) ఎస్టేటు. మరమగ్గాలు, అద్దకం మిల్లులు దాని బతుకు. సూరత్ మగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం ఉండటం ఆ వలస వేసిన ముద్రే. మగ్గం షిఫ్టు సాధారణంగా పన్నెండు గంటలు. పని దిగి ఇంటికొచ్చిన తండ్రి ఫోనే చాలా ఇళ్లలో పిల్లల ఆటబొమ్మ. ఫోన్ లెక్క ప్రకారం తెర మీద బెలూన్లు పగలగొడుతున్నది ముప్పై ఏళ్ల మగమనిషి.

టీవీ కాలంలో ఈ బాధ లేదు. ఒక వేళకు ఒక యాడ్, చూసేవాళ్లందరికీ అదే. పిల్లల కార్యక్రమం ఏదో తెలిస్తే దాని మధ్య ఏం వేయకూడదో చెప్పడం తేలిక. అమెరికా 1990 చట్టంతో పిల్లల కార్యక్రమాల్లో యాడ్లను మామూలు రోజుల్లో గంటకు 12 నిమిషాలకు, వారాంతంలో పదిన్నర నిమిషాలకు పరిమితం చేసింది. స్వీడన్ 1991లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు గురిపెట్టిన టీవీ యాడ్లనే నిషేధించింది. మన దేశంలో 1985లో పుట్టిన ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ స్వీయ నియమావళి రాసుకుంది. పిల్లల భద్రతకు ముప్పు తెచ్చే, వాళ్లను అసభ్యంగా చూపే యాడ్లను 1994 కేబుల్ టీవీ నియమాలు కాదన్నాయి.

మొబైల్ ఈ లెక్కను తలకిందులు చేసింది. 2006లో మొదలైన మొబైల్ యాడ్ నెట్‌వర్క్ యాడ్‌మాబ్‌ను కొంటున్నట్టు గూగుల్ 2009 నవంబరులో ప్రకటించింది; ధర 75 కోట్ల డాలర్లు. ఆట ఉచితం, రాబడి యాడ్ల మీద అన్న పద్ధతి అక్కడి నుంచి పాతుకుపోయింది. ఆట ఒక స్థాయి దాటగానే ఫోన్ నుంచి యాడ్ నెట్‌వర్క్‌కు పిలుపు వెళుతుంది. ఫోన్‌కు కేటాయించిన ప్రకటనల గుర్తింపు సంఖ్య ఆధారంగా రెప్పపాటులో వేలం జరుగుతుంది. పాట గెలిచిన యాడ్ తెర నిండా వాలుతుంది. ఇది పిల్లల ఆట అని తయారీదారు ముందే గుర్తు పెట్టాలి. యాడ్‌మాబ్‌లో జీ, పీజీ, టీ, ఎంఏ అనే నాలుగు వయసు మెట్లలో ఏది దాటకూడదో కూడా ఎంచుకోవచ్చు. ఆ గుర్తు పెట్టకపోతే పెద్దల వేలంలోని సరుకే వస్తుంది. పిల్లల యాడ్లకు రాబడి తక్కువ కాబట్టి గుర్తు పెట్టాలన్న తొందర చాలామందికి ఉండదు.

భారత్‌లో చాలాకాలం ఈ యాడ్లకు ఎవరికీ తెలియకుండానే ఒక కంచె ఉండేది: డేటా ఖరీదు. అవసరం తీరగానే డేటా ఆపేసేవారు కాబట్టి యాడ్లు పెద్దగా దిగేవి కావు. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఆ కంచె కూలింది.

అసలు గుట్టు 2018లో బయటపడింది. గూగుల్ ప్లేలోని దాదాపు 60 గేముల్లో అశ్లీల యాడ్లు చూపించే మాల్వేర్‌ను జనవరిలో సైబర్ భద్రతా సంస్థ చెక్ పాయింట్ కనిపెట్టి దానికి అడల్ట్‌స్వైన్ అని పేరు పెట్టింది. వాటిలో చాలావరకు పిల్లలవే; గూగుల్ వాటిని తొలగించింది. ఐదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల కోసం చేసిన 135 యాప్‌లను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే 129లో ఏదో ఒక రూపంలో యాడ్ కనిపించింది. డబ్బిచ్చి కొన్నవీ అందుకు మినహాయింపు కాలేదు. ఆ ఏడాది సెప్టెంబరులోనే న్యూ మెక్సికో రాష్ట్రం టైనీ ల్యాబ్ అనే లిథువేనియా గేముల కంపెనీ మీదా, గూగుల్ మీదా దావా వేసింది. తమవి పిల్లల ఆటలు కావని, అన్ని వయసులవని కంపెనీ వాదన. వాళ్లు చేసిన కారు బొమ్మల పందెం ఏ వయసువాళ్లు ఆడతారో ఎవరికి తెలియదు?

2019లో యాప్ దుకాణాలు దారికొచ్చాయి. పిల్లల యాప్‌లలో తాను ధ్రువీకరించిన యాడ్ నెట్‌వర్క్‌లే ఉండాలని గూగుల్ షరతు పెట్టింది. ఆటకు అడ్డుపడే యాడ్‌ను ఐదు సెకన్ల తర్వాత మూసే వీలుండాలన్న నియమమూ ఆ విధానంలో భాగమైంది. ఆపిల్ తన కిడ్స్ విభాగంలో బయటి యాడ్లను కట్టడి చేసింది. అయితే పిల్లలదని లెక్కకు రాని ఆటకు ఇవి చాలావరకు వర్తించవు. పిల్లలు వెతుక్కునేది మాత్రం ఆ లెక్క చూసి కాదు.

మన దేశంలో చర్యలు మొదట ఆడేవాళ్ల మీద పడ్డాయి. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ ఆడినందుకు కుర్రాళ్లను అరెస్టు చేశారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. యాడ్ వైపు చూపు 2022 జూన్‌లో మళ్లింది: పిల్లలకు గురిపెట్టిన యాడ్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 నవంబరులో అదే సంస్థ మోసపు డిజైన్లను 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. యాడ్‌ను యాడ్‌లా కనబడనివ్వకపోవడం వాటిలో ఒకటి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఆటలతో పాటు వాటి యాడ్లనూ దేశమంతటా నిషేధించింది.

అన్నిటికంటే పెద్ద మార్పు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. దాని తొమ్మిదో సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు వారి కదలికలను వెంటాడటాన్ని, వారికి గురిపెట్టిన యాడ్లను వద్దంటుంది. పిల్లల విషయంలో ఉల్లంఘనకు జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అయితే ఆడుతున్నది పిల్లవాడని ఫోన్‌కు చెప్పేవాళ్లుంటేనే ఆ సెక్షన్ పనిచేస్తుంది. తండ్రి ఖాతాలో ఆడే పిల్లవాడు దాని లెక్కలో పెద్దవాడే. పిల్లవాడికి విడిగా ఖాతా తెరవడం, కొత్త ఆండ్రాయిడ్‌లో ప్రకటనల గుర్తింపు సంఖ్యను చెరిపేయడం కొంతవరకు పనికొస్తాయి. ఫోన్ చేతికిచ్చే ముందు డేటా ఆపడమనే పాత పద్ధతి, ఇంటర్నెట్ లేకుండా నడిచే ఆటలకు ఇప్పటికీ సరిపోతుంది.